నెమ్మదిగా పరిగెత్తడం గురించి కూడా రాయండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో దూరపు పరుగు మీద వచ్చిన వ్యాసం చూసి ఈ ఉత్తరం. సంకల్పబలం, కసి, పట్టుదల అన్న మాటలు అందులో పేరాకోసారి ఉన్నాయి. ఏ పేస్‌లో, అంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాల చొప్పున పరిగెత్తాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. పైగా రోజూ నిన్నటి టైమ్‌ని కొట్టాలని సలహా ఒకటి. కొత్తగా షూ కట్టినవాళ్లు దాన్ని నమ్మితే రెండు మూడు నెలలు తిరక్కముందే ముంగాళ్లు (మోకాలి కింద ముందువైపు ఎముకలు) పట్టుకుని కూర్చునే ప్రమాదం ఉంది.

ఎందుకంటే, పరుగు మొదలుపెట్టిన నెల, నెలన్నరకే గుండె, ఊపిరితిత్తులు దారికొస్తాయి. ఆయాసం తగ్గుతుంది. ఎముకలు, వాటికి కండరాలను కలిపే టెండన్లు అంత తొందరగా గట్టిపడవు, వాటికి నెలలు కావాలి. ఇంజిన్ సిద్ధమైపోయి చాసిస్ ఇంకా వెనకబడి ఉండే కాలమన్నమాట. ఆయాసం రావడం లేదు కదా, ఇంకాస్త లాగుదాం అనిపించేది సరిగ్గా అప్పుడే. దెబ్బ తగిలేదీ అప్పుడే.

అందుకే వారంలో ఎక్కువ పరుగు నెమ్మదిగా సాగాలి. ఎంత నెమ్మదిగా? 10 కిలోమీటర్లు గంటలో పూర్తి చేసే రన్నర్‌కు ఈజీ రన్ అంటే కిలోమీటరుకు 7 నిమిషాల నుంచి ఏడున్నర. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మూడు మాటలకోసారి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే అది ఈజీ కాదు. ఈ పేస్‌లో పరిగెత్తుతుంటే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది, కొవ్వును మండించే శక్తి వస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు ఆరున్నరకు పరిగెత్తడం. ఈజీకి అది ఎక్కువ, స్పీడ్‌కు తక్కువ. అలసట మిగులుతుంది, ఆ అలసటతో అసలు స్పీడ్ రోజున కాళ్లు లేవవు.

మనసుకు అసలు పరీక్ష ఇక్కడే. వెనకనుంచి ఎవరో దాటిపోతారు, వాచ్‌లో అంకె చిన్నబుచ్చుతుంది, యాప్‌లో స్నేహితుల టైమ్‌లు కనిపిస్తాయి. అయినా 7:15 దగ్గరే ఉండిపోవడానికి కావాల్సిన పట్టుదల మీ వ్యాసంలో చెప్పిన కసి కంటే చాలా కష్టం. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ దగ్గర తయారైన పీటర్ స్నెల్ పరిగెత్తింది 800 మీటర్లు, అంటే రెండు నిమిషాల లోపు పని. ఆయన చేత కూడా లిడియార్డ్ బేస్ దశలో, అంటే స్పీడ్ కంటే ముందు పునాది వేసే దశలో, వారానికి సుమారు 160 కిలోమీటర్లు పరిగెత్తించారు. స్నెల్ 1960లో, 1964లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు.

వారానికి 30 కిలోమీటర్లు చేసేవాళ్లకు ఒక అమరిక: ఆరేసి కిలోమీటర్ల ఈజీ రన్‌లు రెండు, 11 కిలోమీటర్ల లాంగ్ రన్ ఒకటి, స్పీడ్ కలిసిన 7 కిలోమీటర్లు ఒకటి. స్పీడ్ రోజున 2 కిలోమీటర్లు వార్మప్ చేసి, 10 కిలోమీటర్ల రేసు పేస్‌లో 3 నిమిషాల చొప్పున అయిదు సార్లు పరిగెత్తాలి. మధ్యలో రెండేసి నిమిషాలు జాగింగ్. చివరి మూడు నిమిషాల్లో పేస్ పడిపోయిందంటే మొదటిది వేగంగా పరిగెత్తారని అర్థం. వారానికి రెండుసార్లు పిక్కల కోసం మడమలు ఎత్తి దించే వ్యాయామం, మోకాలు నిటారుగా ఉంచి 15, కొంచెం వంచి 15, మూడేసి సెట్లు. షూ గురించి జనం అడిగినంతగా పిక్కల గురించి అడగరు.

దూరాన్ని వారానికి 10 శాతం మించి పెంచకూడదని మీ వ్యాసంలో గీత గీసినట్టు రాశారు. కొత్త రన్నర్లపై నెదర్లాండ్స్‌లో జరిగి 2008లో అచ్చయిన పరీక్షలో, 10 శాతం చొప్పున 13 వారాలు పెంచుకుంటూ వెళ్లినవాళ్లకూ 8 వారాల్లోనే తొందరగా పెంచినవాళ్లకూ గాయాల్లో తేడా రాలేదు. ఆ అంకెకు మహత్తేమీ లేదు. వారానికి 10 కిలోమీటర్లు చేసేవాళ్లకు 10 శాతమంటే కిలోమీటరు, 80 చేసేవాళ్లకు 8. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించడం, దూరాన్నీ వేగాన్నీ ఒకే వారం పెంచకపోవడం అంతకంటే పనికొచ్చే జాగ్రత్తలు.

ముంగాలి నొప్పి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. నొప్పి జానెడు పొడుగునా పరుచుకుని ఉండి, వార్మప్ అయ్యాక తగ్గుతుంటే సాధారణంగా అది ఒత్తిడి వల్ల వచ్చిన వాపు. దూరం తగ్గిస్తే సర్దుకుంటుంది. అలాకాక రూపాయి బిళ్లంత చోట వేలు పెట్టగానే ప్రాణం పోతున్నట్టుంటే, ఒంటికాలి మీద గెంతితే అక్కడే కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముకలో సన్నని చీలిక ఉందేమోనని అనుమానించాలి. పరుగు ఆపి డాక్టర్‌కు చూపించాలి. ఇలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది. ఎక్స్‌రే బాగానే ఉందని మళ్లీ పరుగుకు దిగి చీలికను ఎముక విరిగేదాకా తెచ్చుకున్నవాళ్లుంటారు. నొప్పిని జయించాలన్న ఉపదేశం ఇలాంటివాళ్ల చేతికే ముందు చేరుతుంది.

ఇక రేసు రోజు. ఆరంభశూరత్వం అన్న మాట మారథాన్ చూసి పుట్టలేదు గానీ దానికి అతికినట్టు సరిపోతుంది. 4 గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. ఉత్సాహంలో మొదటి 10 కిలోమీటర్లు 5:20తో లాగితే మిగిలేది మూడున్నర నిమిషాలు. 32 దాటాక కాళ్లు మొరాయించి 7:30కి పడిపోతే పోయేది 18 నిమిషాల పైమాట. లెక్క ఇది: 60 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్లకు సుమారు 2,500 కేలరీలు కావాలి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, 500 గ్రాములకు అటూ ఇటూ, అంటే 2,000 కేలరీలు. అందులో చేతుల కండరాల్లో ఉన్నది కాళ్లకు అరువు రాదు. మిగతాది కొవ్వు నుంచి రావాలి. వేగం పెంచేకొద్దీ కొవ్వు వాటా తగ్గి గ్లైకోజెన్ ముందే ఖాళీ అవుతుంది. అందుకే ఆకలి వేసేదాకా ఆగకుండా 40వ నిమిషం నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవాలి. పరుగులో తినే చక్కెర జెల్ ఏదైనా ముందు లాంగ్ రన్‌లో కడుపుకు అలవాటు చేయాలి.

కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్చోగే పేరు మీ వ్యాసంలోనూ వచ్చింది. మారథాన్ దూరాన్ని 2 గంటల లోపు ముగించే ప్రయత్నంలో 2017లో ఇటలీలోని మోంజాలో 2 గంటల 25 సెకన్ల దగ్గర ఆగిన ఆయన 2019లో వియన్నాలో 1:59:40కి చేరారు. వేగం నిలపడానికి తోడు పరిగెత్తే పేసర్లు వంతులవారీగా మారడం వంటి కారణాల వల్ల దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు. ఆ పరుగులో గమనించాల్సింది కిలోమీటర్ల టైమ్‌లు. అన్నీ 2:48కీ 2:52కీ మధ్యే ఉన్నాయి. ఒక్క కిలోమీటరైనా ఉత్సాహంతో 2:40కి పరిగెత్తలేదు. స్ఫూర్తి కావాలంటే ఆ నాలుగు సెకన్ల ఇరుకులో ఉంది.

నీళ్ల విషయంలో మీ వ్యాసం ఏకంగా ప్రమాదకరం. దాహం వేసినా వేయకపోయినా ప్రతి స్టాల్ దగ్గరా తాగమన్నారు. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత మారథాన్‌లో అంత భద్రం కాదు. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరగడానికీ దానికీ గట్టి సంబంధం కనిపించింది, అంటే చెమట పోసినదానికంటే ఎక్కువ తాగి సోడియంను పలచన చేసుకున్నారని. వికారం, తలనొప్పి, తికమక కనిపిస్తే డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు, అక్కడే ప్రాణం మీదికొస్తుంది. దాహం వేసినప్పుడు తాగితే చాలు.

రేసుకు ముందు చివరి రెండు వారాలు దూరాన్ని సగానికి తగ్గించి, స్పీడ్ పరుగును కొద్దికొద్దిగా అలాగే ఉంచాలి. ఆ రోజుల్లో లేని నొప్పులు మోకాల్లో, మడమలో పుట్టుకొస్తాయి. చాలావరకు కంగారు వల్లే. కంగారు తీర్చుకోవడానికి ఆఖరి లాంగ్ రన్ ఒకటి దూర్చకూడదు.

నీళ్ల సలహాకు సవరణ వచ్చే ఆదివారమే వేయండి, అది ఆగే విషయం కాదు. తర్వాత ఎప్పుడైనా పరుగు మీద పేజీ వేస్తే 10 కిలోమీటర్ల టైమ్, దాని పక్కన ఈజీ పేస్, ఈ రెండు గడుల పట్టిక చాలు. మీ వ్యాసానికి ఎగిరే గద్ద బొమ్మ వేసిన చోటు దానికి సరిపోతుంది.

ఇట్లు,
దూరపు పరుగు శిక్షణలో ఉన్న ఒక పాఠకుడు