ఇంజెక్షన్ సరే, రాత్రిపూట స్కాన్ తీసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చినవాళ్ల మెదడును కాపాడే కొత్త ఇంజెక్షన్ గురించి మా ఆదోని మెడికల్ షాపుల్లో కూడా మాట్లాడుకుంటున్నారు. మందు పేరు సోవాటెల్టైడ్. మెదడులోని ఎండోథెలిన్-బి రిసెప్టర్ (కణాలు రసాయన సంకేతాలను అందుకునే ప్రొటీన్) మీద పనిచేస్తుంది. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి 24 గంటల్లోపు వాడేందుకు 2023లో మన దేశంలో అనుమతి దొరికింది. సంతోషమే. కాకపోతే పెద్ద పరీక్ష జరిగింది 150 పైచిలుకు మంది మీదే, అప్పుడే అద్భుతం అనేయలేం. 1990ల్లో గ్లూటమేట్ అనే మెదడు రసాయనపు రిసెప్టర్లను అడ్డుకునే మందులూ ఇలాగే ఆశపెట్టాయి. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసి, మనుషుల దగ్గరికొచ్చేసరికి చతికిలబడ్డాయి. ఎలుకకు నిమిషాల్లో సూది పడుతుంది, మనిషికి గంటలు పడుతుంది. ఓడిపోవడానికి అదొక కారణం.

మా పక్క ఆ గంటలు ఎలా పోతాయో చూడండి. పొద్దున్నే మూతి వంకర పోతుంది, చేతిలో టీ గ్లాసు జారిపోతుంది. వేడి చేసిందని మజ్జిగ పట్టిస్తారు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఎవరికి తెలుసు? ఒకరు బీపీ మాత్ర వేయమంటారు, ఇంకొకరు పావురం నెత్తురు పూయమంటారు. ఆఖరికి కౌతాళం నుంచో కోసిగి నుంచో ఆదోనికి, అక్కణ్నుంచి సుమారు 100 కిలోమీటర్లు కర్నూలు పెద్దాసుపత్రికి. గడ్డను కరిగించే మరో ఇంజెక్షన్ ఉంది కదా, దానికున్న నాలుగున్నర గంటల గడువు దారిలోనే కరిగిపోతుంది.

పైగా సీటీ స్కాన్ చూడనిదే ఆ ఇంజెక్షన్ వేయకూడదు. లోపల ఉన్నది గడ్డ కాక రక్తస్రావమైతే ప్రాణం మీదికొస్తుంది. గుండెపోటుకు మన రాష్ట్రంలో స్టెమీ పథకం ఉంది. దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీస్తారు, పెద్దాసుపత్రి డాక్టరు దాన్ని చూసి చెబుతారు, ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా వేస్తారు. మెదడుకూ అదే ఏర్పాటు ఎందుకు చేయరు? ఆదోని, పత్తికొండ లాంటి చోట్ల రాత్రిళ్లు, ఆదివారాలు కూడా సీటీ నడవాలి. ఫిల్ము వెంటనే కర్నూలు న్యూరాలజిస్టు ఫోన్లోకి చేరాలి. రోగి చివరిసారి ఎన్ని గంటలకు మామూలుగా ఉన్నాడో 108 సిబ్బంది ఇంటి దగ్గరే రాసుకోవాలి.

ఇవన్నీ ఒక్కరోజులో కావని తెలుసు. ముందుగా ఏ ఆసుపత్రిలో ఏ వేళ సీటీ తీస్తారో వైద్య శాఖవారు మీ పత్రికలో ప్రకటిస్తే, బండి ఎటు తిప్పాలో డ్రైవరుకైనా తెలుస్తుంది.

— ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, ఆదోని, కర్నూలు జిల్లా