నలుపు, తెలుపు మీద ఇంత భయమెందుకు?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం పేజీలో నలుపు-తెలుపు బట్టల మీద వచ్చిన వ్యాసం బాగుంది కానీ, అందులో చెప్పిన లెదర్ జాకెట్లూ బూట్లూ మే నెలలో మా కోనసీమ ఉక్కపోతకి ఎవరు వేసుకుంటారండీ? మాకు పనికొచ్చేది పక్కనే ఉంది. నరసాపురం తెల్ల లేసు. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందిన సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. నల్ల కాటన్ జాకెట్టు చేతులకీ మెడకీ ఆ లేసు కుట్టించి, మీద సాదా తెల్ల చీర కట్టి చూడండి, ఇంకే నగా అక్కర్లేదు.

పెద్ద పెద్ద గళ్లు, పూలు ఉన్న బట్టలకి నేను పాటించేది ఒక్కటే: పైన డిజైన్ గట్టిగా ఉంటే కింద సాదాగా ఉండాలి. రెండూ కలపాలనిపిస్తే ఒకటి పెద్ద గళ్లు, ఇంకొకటి సన్న చారలు, రంగులు మాత్రం అవే రెండూ. మూడో రంగు కావాలంటే ఎర్ర బొట్టో, పసుపు రంగు చున్నీయో చాలు, అన్నీ కలిపేస్తే చూపు ఎక్కడా నిలవదు. పొట్టివాళ్లు పెద్ద డిజైన్లు వేసుకోకూడదని మీరు రాశారు, అది నేను ఒప్పుకోను. వేసుకునేవాళ్లకి నచ్చితే చాలదా?

పెళ్లిళ్లకి నలుపు వద్దని పెద్దవాళ్లు అంటారు, సరే, ఆ ఒక్కరోజు మానేద్దాం. కొత్త నల్ల బట్టని మాత్రం తెల్లవాటితో కలిపి నానబెట్టకండి, విడిగా ఉతికి, తిరగేసి నీడలో ఆరేయండి.

ఈసారి ఉప్పాడ జాందానీలో నలుపు-తెలుపు చీరల ఫొటోలు వేయండి, ధరలతో సహా.

– ఒక పాఠకురాలు, అమలాపురం