ప్రమాణంలో ఆ చుక్కగుర్తు ఎటుపోయింది?

సంపాదకులకు,

'దేవుడి మీద ప్రమాణం చెప్పకుంటే స్కౌట్స్‌లో చేర్చుకోం' అనే మాట మన నల్లగొండ, పాలమూరు బడుల్లో ఇంకా వినిపిస్తోంది. నిబంధన అలా లేదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రమాణంలో 'దేవుని' అన్నచోట చుక్కగుర్తు (*) ఉంటుంది. కావాలనుకుంటే బదులుగా 'ధర్మం' అనొచ్చని కింద రాసి ఉంటుంది. గోడ చార్టుకు ఎక్కించేటప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ కింది వాక్యమే. పైగా పెట్రోల్ (స్కౌట్ పిల్లల చిన్న జట్టు) మొత్తంతో ఒకేసారి గట్టిగా చెప్పిస్తారు, ఏ పిల్లవాడు ఏమన్నాడో మాస్టరుకూ తెలియదు.

పిల్లలు ప్రమాణం చేసి స్కౌట్లుగా చేరే ప్రవేశ్ దీక్షకు వారం ముందే పిల్లల్ని విడివిడిగా అడగాలి. తల్లిదండ్రులకు 'దేవుని' అన్నదీ 'ధర్మం' అన్నదీ, ప్రమాణం రెండు పాఠాలూ చూపాలి. దీక్షలో మూడు వేళ్లెత్తి ఒక్కొక్కరే చెప్పాలి. ప్రార్థన గీతం సంగతి వేరు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో, సంరక్షకుల సమ్మతి లేకుండా మైనర్లను మత ఆరాధనకు హాజరు కమ్మనరాదని రాజ్యాంగం 28(3) చెబుతోంది. గీతం ఆరాధనా కాదా అని వాదులాడేకన్నా సమ్మతి కాగితం ఒకటి తీసుకోవడం నయం.

'ధర్మం' కూడా కొందరికి మింగుడుపడదు, అదీ న్యాయమే. బ్రిటన్ స్కౌట్లకు దేవుని ఊసులేని పాఠం 2014 నుంచే ఉంది. వనపర్తి జిల్లా కొత్తకోట దంపతుల కేసులో మన హైకోర్టు 2023లో జనన నమోదుకు 'కులం లేదు, మతం లేదు' గడి పెట్టమంది. అలాగే ప్రమాణానికీ దేవుడు, ధర్మం రెండూ లేని మూడో పాఠం కోసం రాష్ట్ర శాఖ జాతీయ కార్యాలయానికి రాయాలి. చార్టుల్లో చుక్కగుర్తు వేయించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, బడులు తెరిచేలోపే అయిపోతుంది.

- ఒక స్కౌట్ మాస్టర్, మిర్యాలగూడ