కాటన్ అంటే చాలదు, కుట్టు కూడా చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పేపర్లలో, టీవీల్లో అదే సలహా వినిపిస్తుంది: వదులైన కాటన్ బట్టలు వేసుకోండి. మామూలు ఒంటికి అది సరిపోతుంది. ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా జబ్బు ఉన్నవాళ్లకు, అందులోనూ చర్మం సున్నితమైనవాళ్లకు అది సగం సలహాయే. నూరుపాళ్లూ నూలే అయినా పోగులు ఊడకుండా లోపలి అంచుకు వేసే ఓవర్‌లాక్ కుట్టు గీరుకుంటే, లంగా బొందు కోసుకుంటే, గంజి పెట్టిన అంచు మెడకు తగిలితే ఆ రోజంతా పాడే. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరక ఆ రాపిడి ఇంకా పెరుగుతుంది. ఇలాంటివారికి బట్టలు కుట్టే టైలర్లంగా మాకు తెలిసిన సంగతులు నాలుగు రాస్తున్నాం. ప్రచురించగలరు.

ఫైబ్రోమయాల్జియాలో నొప్పి ఒళ్లంతా ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది. వాపు కనిపించదు, మామూలు రక్తపరీక్షల్లో ఏమీ తేలదు. మెదడు, వెన్నుపాము నొప్పి సంకేతాలను ఉన్నదానికంటే ఎక్కువ చేసి అందుకుంటాయి. కొందరికైతే బట్ట అంచు తగిలినా మంట పుడుతుంది, కానీ అక్కడ ఎర్రదనం గానీ మచ్చ గానీ ఉండదు. 'పైకి ఏమీ లేదు కదా' అని ఇంట్లోవాళ్లు అనడం అందువల్లే. ఏమీ కనిపించకపోయినా ఆ బాధ నిజమైనదే.

1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ (కీళ్లు, కండరాల జబ్బుల వైద్యుల సంఘం) ఈ జబ్బును గుర్తించడానికి ఒంటి మీద 18 చోట్లు చెప్పింది. వాటిలో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలని నియమం. 2010లో ఆ పద్ధతి మార్చారు, ఇప్పుడు నిర్ధారణకు ఆ లెక్క అక్కర్లేదు. కానీ బట్టలు కత్తిరించేవాడికి ఆ పట్టిక ఇప్పటికీ పనికొస్తుంది. తల వెనక మెడ మొదలు, మెడ ముందువైపు కింది భాగం, భుజం పైన కండ, రెక్క ఎముక పైభాగం, కాలరెముక కింద రెండో పక్కటెముక, మోచేతికి కొంచెం కింద బయటివైపు, పిరుదు పైభాగం, తుంటి ఎముక, మోకాలి లోపలివైపు. లేబులు, బ్రా పట్టీ, జాకెట్టు మెడ, మోచేతి దగ్గర ఆగే చేతులు, లంగా బిగింపు, బిగుతు చుడీదారు వచ్చి ఆనేది సరిగ్గా ఈ చోట్లకే. కొలతలు తీసుకునేటప్పుడే ఎక్కడ ముట్టుకుంటే నొప్పో అడిగి, కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

చీర కట్టేవారికి అన్నిటికంటే బాధపెట్టేది నడుము. అయిదున్నర మీటర్ల చీర, దాని కుచ్చిళ్లు అన్నీ సన్నని బొందు మీద వేలాడతాయి. ఆ బరువంతా నాలుగైదు మిల్లీమీటర్ల గీత మీద పడుతుంది. చీర జారుతుందని బొందు ఇంకా బిగిస్తారు. శాటిన్ లంగా అయితే గుడ్డే జారుడు కాబట్టి మరింత బిగించాలి. ఇందుకు బెల్టు లంగా మంచి మందు. పాప్లిన్ గుడ్డను ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, కుదించుకుపోయాకే కత్తిరించాలి. మూడంగుళాల వెడల్పు పట్టీ రెండు పొరలుగా వేయాలి, మధ్యలో కాన్వాసు పెట్టకూడదు. పట్టీ కింది కుట్టు తుంటి ఎముక మీదకు రాకుండా చూడాలి. బొందు బదులు చదునైన గుండీలు రెండు వరసలు, ఒకదానికొకటి అంగుళంన్నర దూరంలో. ఈ జబ్బుతోపాటు కడుపుబ్బరం ఉండేవాళ్లు చాలామంది. ఉదయం సరిపోయిన నడుము సాయంత్రానికి బిగుతవుతుంది, అప్పుడు రెండో వరసకు మారిస్తే సరి. మామూలు లంగాకంటే పావు మీటరు గుడ్డ ఎక్కువ పడుతుంది, అంతే. కుచ్చిళ్లకు పిన్నీసు గుచ్చి లాగే బదులు ముందే మడతలు పెట్టి లోపల కుట్టించుకుంటే బరువు ఒకేచోట పడదు. లైక్రా షేప్‌వేర్ లంగాలు ఫ్యాషనే గానీ, నడుము నుంచి మోకాలి దాకా అదిమిపెట్టే ఆ గుడ్డను వీళ్లకు మేము చెప్పం.

మగవారికి లుంగీ ఉన్నంత హాయి ప్యాంటులో లేదు. తప్పనిసరైతే తోలు బెల్టు మానేసి, ప్యాంటు నడుముపట్టీ లోపల మెత్తని మల్‌మల్ వేయించుకోవచ్చు.

జాకెట్టు విషయానికొస్తే, వెనక హుక్సు పెట్టించుకోవద్దు. భుజం నొప్పి ఉన్నవాళ్లు చేయి వెనక్కి తిప్పడమే కష్టం. హుక్కుల వెనక పట్టీ అర అంగుళం ఎక్కువ వెడల్పు ఉంటే ఇనుము ఒంటికి తగలదు. చేతులు మోచేతికి రెండంగుళాల పైనే ఆపాలి, లేదా మణికట్టు దాకా తేవాలి. మోచేతి చుట్టూ బిగుసుకునే కొలత వద్దు. లోపల తాడు పెట్టి గుండ్రంగా తిప్పే పైపింగు కాలరెముక కింద నొక్కుతుంది, దాని బదులు చదునైన పట్టీ వేయించాలి. చంక కింద రెండంగుళాల చతురస్రపు ముక్క కలిపితే చేయి ఎత్తినప్పుడు జాకెట్టు పైకి లాగదు. బ్రాలో వైరు తీసేయాలి. భుజం పట్టీ వెడల్పు కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే సన్ననిది భుజం కండలోకి దిగిపోతుంది.

ఇక లోపలి కుట్లు. ఓవర్‌లాక్‌లో పాలిస్టర్ దారం అంచు చుట్టూ తిరిగి గట్టి గీతలా నిలబడుతుంది. మల్‌మల్, వాయిల్, కేంబ్రిక్ లాంటి పల్చని గుడ్డలకు తిరగేసి రెండుసార్లు కుట్టడం మేలు. రెండు ముక్కల మంచివైపులూ బయటికి ఉండేలా పెట్టి అంచుకు ఆరు మిల్లీమీటర్ల లోపల మొదటి కుట్టు వేసి, మిగిలిన అంచును మూడు మిల్లీమీటర్లకు కత్తిరించాలి. గుడ్డ తిప్పి మడత మీద నొక్కి ఇస్త్రీ చేసి, మళ్లీ ఆరు మిల్లీమీటర్ల దగ్గర రెండో కుట్టు వేయాలి. పోగులన్నీ ఆ మడతలోనే ఉండిపోతాయి. కత్తిరించేటప్పుడే అర అంగుళం వదలాలని మాస్టరుకు ముందే చెప్పాలి, చెప్పకపోతే కొలత తగ్గి బిగుసుకుంటుంది. మందపు గుడ్డకు ఇది పనికిరాదు, కుట్టు గట్టుకట్టి ఇంకా బాధిస్తుంది. రెడీమేడ్ నైటీలకైతే ఖర్చులేని ఉపాయం ఉంది, ఇంట్లో తిరగేసి వేసుకోవడమే. ఎవరు చూస్తారు, చూస్తే మాత్రం ఏమైంది?

లేబులును కత్తెరతో కోసేస్తే అడుగున మిగిలే మొండి అంచు అసలు లేబులుకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. కుట్టు విప్పే రిప్పరుతో రెండు మూడు కుట్లకొకటి తెంపి, లేబులును మెల్లగా లాగి, మిగిలిన దారం ముక్కలను చిన్న పట్టకారుతో ఏరేయాలి. లేబులు మెడ కుట్టులోనే కలిసిపోయి ఉంటే విప్పిన చోట కుట్టు తెరుచుకుంటుంది, అక్కడ నూలు దారంతో రెండు కుట్లు వేయాలి. చీర ఫాల్‌కు, అంచులకు కొన్నిచోట్ల కంటికి కనిపించని నైలాన్ తీగ దారం వాడతారు. దాని కొసలు సూదుల్లా ఉంటాయి. కుట్టడానికి ఇచ్చేటప్పుడే నూలు దారం అని చెప్పాలి.

గుడ్డ ఎంపికలో 'ప్యూర్ కాటన్' అనే మాటను అలాగే నమ్మేయొద్దు. ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లని గట్టి పూసవుతుంది. కలిపి నేసిందైతే రెండూ కనిపిస్తాయి. మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు ఎనిమిదిన్నర శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అయితే తడిసిన మందపు నూలు ఇక్కడి గాలిలో తొందరగా ఆరదు, ఒంటికి అతుక్కుని బరువెక్కుతుంది. కాబట్టి పల్చనిదే తీసుకోవాలి. పొందూరు ఖద్దరు, మంగళగిరి నూలు వంటివి బాగుంటాయి, కానీ గంజి పోయాకే. కొత్త చేనేత చీరను నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేరుకునేదాకా జాడించండి. తర్వాత గంజి మళ్లీ పెట్టొద్దు. నిలబడే కుచ్చిళ్ల అందం పోతుంది, నిజమే, కానీ ఒళ్లు నిమ్మళిస్తుంది. కొనేముందు గుడ్డను అరచేత్తో కాక మోచేతి లోపలివైపు, మెడ పక్కన ఆనించి చూడండి. అరచేతి చర్మం మొద్దు.

'వదులు' అనే మాట మీద కూడా మాకో అభ్యంతరం ఉంది. కొందరికి గట్టిగా నొక్కడంకంటే తేలికగా తాకుతూ పోయేదే ఎక్కువ మండిస్తుంది. బీచ్ రోడ్డులో నడిచేటప్పుడు గాలికి రెపరెపలాడే చున్నీ, పలచని కుర్తా వీళ్లకు నరకమే. అలాంటివాళ్లకు ఒంటికి సమంగా ఆనుకుని ఉండే, ఎక్కడా బిగించని మెత్తని నూలు లేదా మోడల్ (చెక్క గుజ్జుతో చేసే మెత్తని దారం) బనియను లోపల, వదులుది పైన. ఏది పడుతుందో ఎవరికి వారు చూసుకోవాలి, అందరికీ ఒకే కొలత చెప్పలేం. బనియను ఇంకొకటి సంచిలో ఉంచుకుని మధ్యాహ్నం తడిసింది మార్చుకోవడం మంచి అలవాటు. ఆఫీసు ఏసీ చలికి కండరాలు పట్టేస్తాయి గనక ముందు తెరుచుకునే పల్చని చొక్కా ఒకటి దగ్గరుండాలి, తల మీంచి తొడిగేవి కాదు. డిసెంబరులో అరకు, లంబసింగి వెళ్లేవారు స్వెట్టరు కింద పొడుగు చేతుల నూలు బనియను వేసుకోవాలి. ముతక ఉన్ని పోగుల కొసలు చర్మాన్ని పొడుస్తాయి.

మంట వేరు, దద్దురు వేరు. చర్మం ఎర్రబడి, దురదపెట్టి, పొక్కులొస్తే అది ఫైబ్రోమయాల్జియా పని కాదు, ఎలర్జీ కావచ్చు. అది ఎక్కడ వచ్చిందో చూస్తే ఆచూకీ దొరుకుతుంది. బొడ్డు కింద గుండ్రంగా వస్తే జీన్స్ గుండీలోని నికెల్. నడుము చుట్టూ వస్తే ఎలాస్టిక్. చంక గుంటలో వస్తే డియోడరెంటు మీద అనుమానం, గుంట వదిలి అంచుల్లో వస్తే బట్ట రంగు మీద. ముదురు నీలం, నలుపు పాలిస్టర్ రంగులు ఇందులో పేరుమోసినవి. ముడతపడని బట్టలకు పూసే రెసిన్లలోని ఫార్మాల్డిహైడ్ కూడా కొందరికి పడదు. తేల్చుకోవాలంటే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ పరీక్ష ఉంది. అనుమానమున్న పదార్థాలు పెట్టిన పట్టీలను వీపు మీద 48 గంటలుంచి, తీసి చూసి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. మే నెల చెమటకు పట్టీలు ఊడిపోతాయి, చలికాలంలో చేయించుకోవడం మంచిది.

ఉతకడంలో జరిగే పెద్ద పొరపాటు సబ్బు మిగిలిపోవడం. పొడి సగానికి తగ్గించి, ఒక జాడింపు పెంచండి. బోరు నీళ్ల గట్టిదనానికి బార్ సబ్బు తెట్టుకట్టి కుట్లలో దిగుతుంది, చివరి జాడింపైనా కొళాయి నీళ్లతో చేయాలి. వాసన కోసం పోసే కండిషనర్ వద్దు. లోదుస్తులకు బ్లీచింగ్ అసలే వద్దు, క్లోరిన్ తగిలిన రబ్బరు ఎలాస్టిక్‌లో ఎలర్జీ తెచ్చే పదార్థం తయారవుతుంది. సముద్రం వైపు బాల్కనీలో ఉప్పుగాలి, పోర్టు దగ్గరి వీధుల్లో బొగ్గు ధూళి. ఒంటికి ఆనే బట్టలైనా లోపల ఫ్యాను కింద ఆరేయండి. సగం ఆరాక గట్టిగా దులిపి, తిరగేసి, కుట్ల మీద ఇస్త్రీ పెడితే బిరుసు విరుగుతుంది.

జగదాంబ, ద్వారకానగర్ దుకాణదారులకు మా విన్నపం: లోదుస్తులు తప్ప మిగతావి పది నిమిషాలు వేసుకుని కూర్చుని చూసే వీలివ్వండి, నిలబడి అద్దంలో చూస్తే నడుము బాధ తెలియదు. సెక్యూరిటీ, ఆసుపత్రి, షోరూముల సిబ్బందికి పాలిస్టర్ యూనిఫాం ఇచ్చే యాజమాన్యాలు డాక్టరు చీటీ తెచ్చినవారికి అదే రంగు నూలు గుడ్డ కుట్టించుకునే అనుమతి ఇవ్వాలి. గుడ్డ, కుట్టుకూలి ఖర్చు తామే పెట్టుకుంటామని సిబ్బంది అన్నా కాదనే చోట్లు ఉన్నాయి.

ఇట్లు,
లేడీస్ టైలర్లు,
సీతమ్మధార, విశాఖపట్నం