స్టేజి ఎత్తు ముందే తేల్చుకుందాం: మా కొటేషన్లలో వస్తున్న మార్పులు

డీలర్ మీట్లకీ, ప్రొడక్ట్ లాంచ్‌లకీ, అసోసియేషన్ల వార్షిక సమావేశాలకీ స్టేజి, సౌండు, సీటింగు మా దగ్గర తీసుకుంటున్న కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి మా కొటేషన్ మొదటి పేజీలో, రేట్ల కంటే ముందు మూడు ప్రశ్నలుంటాయి. స్టేజి ఎత్తు ఎంత? భోజనాలు ఏ అంతస్తులో? వచ్చేవాళ్లకి ఏ ఏర్పాట్లు కావాలో ఎవరు అడిగి తెలుసుకుంటున్నారు? ఈ మూడూ తేలకుండా అడ్వాన్సు తీసుకోం.

ఇన్నాళ్లూ మీరు "ర్యాంపు ఉందా?" అంటే "ఉంది సార్" అనేవాళ్లం. ఉన్నది మెట్ల మీద వాల్చిన ప్లైవుడ్ చెక్క. దాని మీద వీల్‌చైర్ ఎక్కాలంటే నలుగురు పట్టుకుని తోయాలి. దాన్ని ఇకపై ర్యాంపు అనం.

లెక్క చిన్నదే. అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల వాలు కావాలి. మీరు మామూలుగా అడిగే 3 అడుగుల స్టేజికి 36 అడుగులు, పైగా మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడానికి 5 అడుగుల చదును. చాలా హాళ్లలో స్టేజి పక్కన అంత జాగా ఉండదు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి "ఓ ర్యాంపు పెట్టేయండి" అంటే మేం తెల్లమొహం వేసేది చెక్క లేక కాదు, చోటు లేక.

అందుకే మా సలహా: రెండొందల మంది లోపు సభకి అడుగు ఎత్తు స్టేజి చాలు. 12 అడుగుల ర్యాంపు ఎక్కడైనా పడుతుంది. వెనకవాళ్లకి కనిపించదంటారా, ఎల్ఈడీ తెర ఎలాగూ పెడుతున్నాం కదా. వీల్‌చైర్‌లో వచ్చిన డీలరుకి ఎండీ గారే కిందికి వచ్చి షీల్డు ఇస్తారని కొందరంటారు. ఆ క్షణానికి మర్యాదగానే ఉంటుంది. కానీ అందరూ పైన ఫొటో దిగి, ఆయనొక్కరే కింద దిగితే ఆల్బమ్‌లో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కొత్త ర్యాంపు ఎలా కడుతున్నామో చెబుతాం, సైట్ మీద మీరే చూసుకోవచ్చు. పైన 19 ఎంఎం ప్లై, కింద ఇనుప పైపు ఫ్రేము, ప్రతి 2 అడుగులకీ అడ్డబద్ద. బ్యాటరీ వీల్‌చైర్ ఒక్కటే వంద కిలోలు దాటొచ్చు, మనిషి బరువు దానికి అదనం. అడ్డబద్దలు దూరమైతే ప్లై మధ్యలో కుంగుతుంది. షీటు వెడల్పు 4 అడుగులు, అంటే 1220 ఎంఎం; కావలసింది 1200. చక్రం పక్కకి జారకుండా కొట్టే రెండంగుళాల పట్టీల్ని షీటు మీదే కొడితే ఆ వెడల్పు తరిగిపోతుంది, కాబట్టి ఫ్రేముకి బయటివైపు బిగిస్తున్నాం. అసలు తంటా అంతా కింది అంచు దగ్గర. 19 ఎంఎం చెక్క నేల మీద గట్టులా నిలబడుతుంది, వీల్‌చైర్ ముందు చిన్న చక్రాలు సరిగ్గా అక్కడే తట్టుకుంటాయి. ఎక్కేటప్పుడు కుర్చీ ఆగిపోతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు పడతాడు. అందుకని అక్కడ పల్చటి గరుకు రేకు బిగిస్తున్నాం. ర్యాంపు మీద ఎర్ర కార్పెట్ పరిస్తే అంటించాల్సిందే, వదులుగా పరిస్తే ముడతలు పడి చక్రానికి చుట్టుకుంటుంది. ఫొటోకి బాగుంటుందని అడిగినా వదులుగా వెయ్యం.

సీటింగులో చిన్న మార్పు. వీల్‌చైర్లన్నీ ముందు వరసలో ఓ మూలకి చేర్చడం మానేశాం. రెండో వరసలో, ఐదో వరసలో రెండేసి కుర్చీలు తీసేసి ఖాళీ వదులుతాం. తనతో వచ్చినవాళ్ల పక్కనే కూర్చోవచ్చు. మధ్య దారి 4 అడుగులు. ఆఖరి నిమిషంలో అదనపు కుర్చీలు అందులో వేయించొద్దని మనవి, ఎక్కువగా చెడేది అక్కడే.

హాలు బుక్ చేసే ముందు మమ్మల్ని ఓసారి తీసుకెళ్లండి. మన ఫంక్షన్ హాళ్లలో సభ పైన, భోజనాలు సెల్లార్‌లో. లిఫ్టు ఉన్నా సెల్లార్ దాకా దిగదు, దిగినా జనరేటర్ మీద నడవదు. బాత్రూమ్‌కి వీల్‌చైర్ బొమ్మ ఉంటుంది, తెరిస్తే చీపుర్లు, బకెట్లు. తలుపు కనీసం 900 ఎంఎం తెరుచుకోవాలి, లోపల కుర్చీ తిరగడానికి 5 అడుగుల జాగా కావాలి. బఫే దగ్గర మా మనిషి ఒకరు ఉంటారు. చూపులేనివారికి ఏ వంటకం ఎక్కడుందో చెప్పి వడ్డిస్తారు. కూర్చుని తినడానికి కొన్ని బల్లలు తప్పనిసరి.

ఇక ఆహ్వానాలు. మీరు పంపే కార్డు వాట్సాప్‌లో బొమ్మగా వెళ్తుంది, చూపులేనివారికి ఫోన్‌లోని అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ దాన్ని చదవలేదు. పోనీ మ్యాటర్ కాపీ చేద్దామంటే అను ఫాంట్లలో కంపోజ్ చేసినది. తెర మీద తెలుగే, లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఫోన్ దాన్ని పిచ్చి శబ్దాలుగా చదువుతుంది. కార్డుతో పాటు తేదీ, టైము, హాలు, అంతస్తు, గుర్తుగా చెప్పే చోటు నాలుగు లైన్లు యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో మామూలుగా కొట్టే తెలుగులో, టైపు చేసి పెట్టండి. అది మేం ఉచితంగానే చేసిస్తాం. కిందే "మీకు ఏ ఏర్పాటు కావాలి?" అని అడగండి, "మీరు దివ్యాంగులా?" అని కాదు. ఆ మాట కొందరికి నచ్చదు, పైగా మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన తనని అందులో లెక్కేసుకోడు.

సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్లు గంట దాటిన సభకి ఇద్దరుండాలి, 20 నుంచి 30 నిమిషాలకోసారి మారతారు. ఖర్చు తగ్గించడానికి ఒక్కరు చాలనకండి. చేతులే కాదు, బుర్ర కూడా అలసిపోయి అనువాదం తప్పుతుంది. వక్తల పేర్లు, ప్రొడక్టుల పేర్లు వారం ముందే వాళ్లకివ్వాలి. మిణుకుమిణుకుమనే ఎల్ఈడీ తెర ముందు వాళ్లని నిలబెట్టం. వీడియో వేసేటప్పుడు హాల్లో లైట్లన్నీ ఆర్పినా వాళ్ల మీద ఒక లైటు ఉంచుతాం. వక్తలు మాత్రం "నాకు మైకు అక్కర్లేదు, నా గొంతు పెద్దది" అనకుండా చూసే పూచీ మీదే.

మా వల్ల కానివీ ఉన్నాయి. తెలుగులో మాట్లాడుతుండగానే మనిషి టైపు చేసే క్యాప్షన్లు ఇవ్వలేం. ఫోన్ యాప్ క్యాప్షన్లు తెర మీద వెయ్యగలం, కానీ తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడితే పేర్లు, అంకెలు తప్పుతాయి. రేట్లు ప్రకటించే సభలో వాటిని నమ్ముకోకండి, అంకెల్ని స్లైడ్ మీద వెయ్యండి. వినికిడి యంత్రాలకి నేరుగా సౌండు పంపే లూప్ సిస్టమ్ కూడా మా దగ్గర లేదు.

చట్టం సంగతి కొందరు అడిగారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సేవలందించే ప్రైవేటు సంస్థల్ని కూడా లెక్కలోకి తీసుకుంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదు, తప్పనిసరి నిబంధనలు చెయ్యండని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో దేశమంతా పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

ఖర్చు మాటకొస్తే, 2 అడుగుల లోపు స్టేజికి ర్యాంపు స్టేజి రేటులోనే. అంతకు మించితే అదనం. ఇంటర్‌ప్రెటర్ల ఫీజు వాళ్ల బిల్లు ప్రకారమే, మా కమీషన్ వెయ్యం.

ఈ సీజన్ బుకింగులకి సభకి 15 రోజుల ముందు మాకు నాలుగు ఫొటోలు పంపండి: హాలు ముఖద్వారం, స్టేజి పక్క ఖాళీ, లిఫ్టు లోపల, బాత్రూమ్ తలుపు. ప్రతిదాంట్లో కొలత టేపు పట్టుకుని తియ్యండి. టేపు లేకపోతే మా అబ్బాయిని పంపిస్తాం.