వచ్చే నెల నుంచి మా ఫీజులు, శనివారం బృందాలు, న్యాయ సాయం

మా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చేవారికి ముందు డబ్బు సంగతి. ఒకటో తేదీ నుంచి 50 నిమిషాల సెషన్ ఫీజు 900 నుంచి 1,100 రూపాయలవుతుంది. అంత ఇవ్వలేనివారికి 600, 200 రూపాయల తగ్గింపు ఫీజులు రెండున్నాయి. ఏది కట్టగలరో మీరే చెప్పండి, ఆదాయ ధ్రువపత్రం అడగం. పెంచిన డబ్బు శనివారం బృందాలకూ, వారానికి రెండు పూటలు వచ్చే న్యాయ సహాయకురాలికీ వెళ్తుంది.

జీతం ఎగ్గొట్టిన యజమాని మీదో, కులం పేరెత్తి తిట్టే పై అధికారి మీదో రగిలే కోపానికి ఊపిరి కసరత్తు నేర్పి పంపిస్తే సగం పనే అయినట్టు. దాంతో నిద్ర పడుతుందేమో గానీ బకాయి రాదు. బకాయికి ఫిర్యాదు కూడా కావాలి. అయితే మనసు కుదుటపరచడం, ఫిర్యాదు రాయించడం, ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదు. కౌన్సెలర్ మీ ఫిర్యాదు రాయిస్తే, రేపు కోర్టులో అవతలి లాయరు ‘ఈ మాటలు వాళ్లు నేర్పినవే’ అంటారు. అందుకే జరిగింది తేదీలవారీగా రాసుకోవడం న్యాయ సహాయకురాలి దగ్గరే, మీ మాటల్లోనే. కాపీ మీ దగ్గరుంచుకోండి, అడిగిన ప్రతివాళ్లకూ మొదటినుంచి చెప్పుకునే బాధ కొంత తప్పుతుంది. వాంగ్మూలం ఇచ్చే వారంలో సెషన్లో పాత సంఘటనలు తవ్వం. నిద్ర, తిండి, భయం ముంచుకొస్తే నిలదొక్కుకోవడం, అంతవరకే. మీ సంతకం లేకుండా సెషన్ నోట్సు న్యాయ సహాయకురాలికి ఇవ్వం. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. 15100కి మీరే ఫోన్ చేయొచ్చు, మా ద్వారానే వెళ్లాలనేం లేదు.

శనివారం బృందాల పద్ధతి బ్రెజిల్‌ది. ఫోర్తలేజాలోని ఒక పేదల బస్తీలో సైకియాట్రిస్టు అదల్బెర్తో బహెతో 1987లో మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో ఎవరి సమస్య మాట్లాడాలో అందరూ ఓటేసి ఎంచుకుంటారు. ఆ మనిషి చెబుతారు, మిగతావారు ప్రశ్నలు అడుగుతారు. ఆ తర్వాత ఇలాంటిది ఎదురైనవాళ్లు తామేం చేశారో ‘నేను’ అంటూ చెబుతారు. సామెత చెప్పొచ్చు, పాట పాడొచ్చు, సలహా మాత్రం కూడదు. బృందం చెడేది అక్కడే: ‘సర్దుకుపోవాలమ్మా’ అని ఒకరన్నారంటే ఇక ఎవరూ నోరు విప్పరు. బ్రెజిల్‌లో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మేం 12 మందికే పరిమితం చేస్తున్నాం, ఒకే ఇంటివాళ్లను, ఒకే ఆఫీసువాళ్లను కలపం. మన ఊళ్లలో మాట ఎంతసేపు ఆగుతుందో తెలిసిందే. కుల వివక్ష ఎదుర్కొన్నవారికి వేరే బృందం. కలిపి కూర్చోబెడితే దెబ్బ తిన్నవాళ్లే అవతలివాళ్లకు పాఠం చెప్పాల్సి వస్తుంది.

బృందంలో చేరేముందు కుంగుబాటు ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాలి. జవాబుల మార్కులు మొత్తం 10 దాటితే ముందు విడిగా సెషన్. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబిచ్చినా, మొత్తం ఎంతైనా సరే, అదే రోజు మాట్లాడతాం, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాం. మేం లేని వేళల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

900 చొప్పున ముందే కట్టినవారికి ఆ సెషన్లు అయ్యేదాకా పాత ధరే.