కాళ్ళు పెడల్‌కి కట్టేయమని పిల్లలకి చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో యూనీసైకిల్, అదే మన సర్కస్‌లో ఒంటి చక్రం సైకిల్, ఎలా నేర్చుకోవాలో వేశారు, చాలా సంతోషం వేసింది, ఎవరూ రాయరు దాని గురించి. కానీ చివర్లో కాలు జారకుండా పెడల్‌కి స్ట్రాప్ బిగించుకుంటే మంచిదని ఒక లైన్ పెట్టారు చూడండి, అది చదివి టీ గ్లాసు పక్కన పెట్టేసి ఈ లెటర్ మొదలెట్టా.

నేను వైజాగ్‌లో నాలుగేళ్ళ నుంచి 24 అంగుళాల చక్రం తొక్కుతున్నా, పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు వదలని టైంలో. కొత్తల్లో ఒకరోజు వానకి పెడల్ జారి, అది గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముక మీద కొట్టింది, ఆ నొప్పి పడ్డవాళ్ళకే తెలుస్తుంది. అప్పుడు నాకూ అచ్చం మీ ఐడియానే వచ్చి పాత రేసింగ్ సైకిల్ టో క్లిప్పులు, అంటే పాదం ముందు భాగం ఇరికించే కొక్కేలు, వాటి తోలు బెల్టులు ఊడదీసి దీనికి బిగించా. మూడో రోజుకి మణికట్టు విరిగింది, ఐదు వారాలు కట్టు, అన్నం ఎడమ చేత్తో.

ఎందుకంటే మామూలు సైకిల్ పక్కకి ఒరుగుతుంది, ఇది ముందుకీ వెనక్కీ కూడా పోతుంది. ముందుకి పడితే బండి వెనక నుంచి జారిపోతుంది, మనం రెండడుగులు పరిగెత్తి నిలబడిపోతాం, అంతే. నేర్చుకునేవాడికి ఇది గంటలో ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కే ఉండదు, దెబ్బ కూడా తగలదు, కానీ పాదాలు వదిలితేనే కదా ఆ రెండడుగులు. కట్టేస్తే బండీ మనతోపాటే వచ్చేస్తుంది, ఇక మిగిలేవి చేతులూ మూతీ.

ఎక్కడం కూడా కష్టమే. ఒక కాలు వెనక పెడల్ మీద వేసి లేవగానే రెండోది ఠక్కున ముందు పెడల్ మీద పడాలి, టో క్లిప్ ఉన్న పెడల్ ఆ బరువుకి తల్లకిందులుగా వేలాడుతుంటే దాన్ని కాలితో వెతుక్కునే టైం ఎక్కడిది. 1985లో ఫ్రాన్స్ రేసర్ బెర్నార్ హినో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచింది షూ ఇరికించే క్లీట్ పెడల్స్‌తోనే, నిజమే, కానీ ఆయన కాళ్ళు ఆపినా సైకిల్ పోతూనే ఉంటుంది. దీనికి ఫ్రీవీల్ లేదు, చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుతున్న కాలి మడమని బయటికి తిప్పి క్లీట్ విడిపించుకునే లోపు కింద ఉంటాం.

స్ట్రాపులు అడిగేవాళ్ళ బాధ నాకు తెలీదని కాదు. 24 అంగుళాల చక్రం గంటకి 20 కిలోమీటర్లు పోవాలంటే నిమిషానికి 170 సార్లు పైనే తిరగాలి, ఆ స్పీడులో చిన్న గతుకు తగిలినా పాదం గాల్లోకి లేస్తుంది. దానికి మందు పెద్ద చక్రం, 36 అంగుళాలదైతే అదే స్పీడుకి 116 చాలు. బాగా అలవాటైనవాళ్ళు కొందరు మాగ్నెట్ పెడల్స్ వాడతారు, గట్టిగా లాగితే ఊడొస్తాయి కాబట్టి వాటిమీద నాకు అంత కోపం లేదు, కాకపోతే మా భీమిలి వైపు ఇసుకలో ఇనుము కలిసిన నల్ల ఇసుక ఉంటుంది, చిన్నప్పుడు అయస్కాంతం తాడుకి కట్టి లాగేవాళ్ళం, అక్కడ ఆ పెడల్స్ పెడితే పది నిమిషాల్లో ఎలుగుబంటి పాదాల్లా తయారవుతాయి.

పిల్లలకి కావాల్సింది వెడల్పాటి ఫ్లాట్ పెడల్స్, చిన్న పిన్నులున్నవైతే ఇంకా మంచిది, అడుగు సమంగా గట్టిగా ఉండే షూ, ఆ పిన్నులు గీరకుండా ఫుట్‌బాల్ వాళ్ళ షిన్ గార్డులు, లేదా ఇంట్లో అన్నయ్య క్రికెట్ ప్యాడ్లు. లేసులు షూలోపలికి దోపాలి, లేసు క్రాంక్‌కి, అదే పెడల్‌ని చక్రానికి కలిపే కడ్డీకి, చుట్టుకుందంటే అది కూడా కట్టేసినట్టే. బరువంతా పెడల్స్ మీద కాదు, సీటు మీద వెయ్యాలి, ఇది చెప్పినంత తేలిక కాదు, నాకు రెండు నెలలు పట్టింది.

వచ్చే ఆదివారం ఆ స్ట్రాప్ లైన్‌కి సవరణ వెయ్యండి సార్, వేసవి సెలవులకి ముందే.

ఇంకోటి, మీరు వేసిన ఫొటోలో బాబు సీటుకి ముందుండాల్సిన హ్యాండిల్ వెనక్కి ఉంది. సీటొక్కటే తిప్పి బిగించుంటే పర్లేదు గానీ, బండినే వెనక్కి తిప్పి తొక్కుతుంటే మాత్రం వాళ్ళ ఇంట్లో ఒకసారి చెప్పండి, ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుంది, అలా తొక్కితే రెండు పెడల్సూ మెల్లమెల్లగా వదులై ఊడొచ్చేస్తాయి.

ఇట్లు
మీ పాఠకుడు, విశాఖపట్నం